తిట్టే మనిషి కావాలి

మంగళవారం మధ్యాహ్నం నుంచి సయ్‌రాగుల్ కాలు గాలిన పిల్లిలా తిరుగుతోంది. కిర్గిజ్ దేశంలోని నారిన్ పట్టణంలో, కాలేజీ కంప్యూటర్ గదిలో పన్నెండు మంది పల్లె టీచర్లు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారు. ఒక్కో వరుసా కొట్టి జవాబు చూసుకునే నల్లతెర వాళ్ల ముందుంది. దాన్ని షెల్ అంటారు. అందులో కిర్గిజ్ అక్షరాల్లో 'జార్దమ్', అంటే సహాయం, అని కొట్టి, పక్కన అర్థంకాని మాట పెడితే, దాని సంగతంతా సొంత భాషలో తెరమీదికొస్తుంది. ఆ సహాయమంతా మూడు చలికాలాలు కూర్చుని రాసింది సయ్‌రాగులే. ఆమె లెక్కల టీచరు, వయసు యాభై రెండు. ఒకప్పుడు రష్యన్‌లో ఉన్న సహాయం పేజీలు చదివి, ముక్క బోధపడక, బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చిన మనిషి. ఇంకెవరూ అలా ఏడవకూడదనే ఇంత పనికి పూనుకుంది.

మరి ఇప్పుడీ తిరుగుడెందుకు? రెండు రోజుల్లో పందొమ్మిది సార్లు ఎవరో బటన్ నొక్కి కంప్యూటర్లనే ఆర్పేశారు. ప్రతిసారీ జార్దమ్ తెరిచాకే.

"ఎక్కడైనా ఇరుక్కుంటోందా నుర్జాత్?" అని ముందు వరసలో కూర్చునే అమ్మాయిని అడిగింది.

"అబ్బే! మా అమ్మ పక్కన కూచుని చెప్పినట్టుందక్కా."

"మరి కంప్యూటర్ ఎందుకు ఆర్పావు?"

"కరెంటు ఆదా అక్కా!"

అందరూ నవ్వారు. ఒక్కరూ ఆమె కళ్లలోకి చూడలేదు.

శుక్రవారం ప్రిన్సిపాల్ కుబాత్ వస్తాడు. రష్యన్ సహాయం పేజీలున్న పెన్‌డ్రైవ్ ఆయన జేబులో సిద్ధంగా ఉంది. "నీది నడిస్తే జిల్లా అంతటా నీదే. నడవకపోతే తీసేస్తా. తర్వాత నా మీద అలగొద్దు" అని ముందే చెప్పేశాడు.

ఇంట్లో ఆమె తన రాతను వందసార్లు తెరిచింది, మూసింది. ఏ లోపమూ కనబడలేదు. టీ చల్లారింది, రెండో టీ కూడా చల్లారింది. అప్పుడు తట్టింది, గదిలో అందరూ తనకంటే చిన్నవాళ్లని. పెద్దావిడ రాసినదాన్ని బాగాలేదనడానికి నారిన్‌లో ఎవరికి నోరొస్తుంది? ఇరవయ్యేళ్లు అత్తగారి ఉప్పుకషాయం సూప్ తాగి 'అమృతం' అన్న కోడలు తను మాత్రం కాదా?

బుధవారం పొద్దున్నే బురుల్చా టీచరమ్మ ఇంటి తలుపు తట్టింది. సయ్‌రాగుల్‌కి లెక్కలు నేర్పి, తప్పు చేస్తే వేళ్ల మీద స్కేలుతో వాయించిన మనిషి. ఎనభై దాటాయి, నోరు మాత్రం ఇంకా పదునే.

"కంప్యూటరా? నాకెందుకే ఈ వయసులో ఆ గోల?"

"నన్ను తిట్టడానికి టీచరమ్మా."

"అది ముందు చెప్పవేం? నా బూట్లు ఇలా అందుకో."

ముసలావిడ కంప్యూటర్ గదిలో అందరి ముందూ కూచుని, ఒక్కో అక్షరం వెతుక్కుని జార్దమ్ అని కొట్టింది. పేజీ వచ్చింది. తలూపుతూ అడుగుదాకా చదివింది. బయటికి రావాలంటే క్యూ అక్షరం నొక్కమని అక్కడుంది. నొక్కింది. మళ్లీ నొక్కింది.

"ఏమే! నొక్కమన్నావు, నొక్కాను. దీనికి చెవుడా, నువ్వు అబద్ధాలకోరువా?"

ఆ మీట మీద రెండక్షరాలున్నాయి, ఒకటి ఇంగ్లిషుది, ఒకటి కిర్గిజుది. జార్దమ్ అని కిర్గిజులో అడిగినవాళ్ల కీబోర్డు కిర్గిజులోనే ఉంటుంది. వాళ్లు ఎంత నొక్కినా వెళ్లేది ఆ అక్షరమే. షెల్ మాత్రం ఇంగ్లిషు క్యూ కోసం కాచుక్కూచుంటుంది. చివరికి కంప్యూటర్‌నే ఆర్పితే తప్ప ఆ పేజీ వదలదు. ఇంగ్లిషులో హెల్ప్ అని కొట్టినా అదే పేజీ వస్తుంది, సయ్‌రాగుల్ ఇంట్లో అలవాటుకొద్దీ అలా కొట్టే పరీక్షించింది. తన భాషలో రాసి, తన భాషలో ఒక్కసారైనా అడగలేదు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మీకందరికీ తెలుసా?" అంది వెనక్కి తిరిగి.

నుర్జాత్ తల దించుకుంది. "మొదటిరోజే తెలిసిందక్కా. ఎలా చెప్పమంటారు?"

"మొహమాటానికి పోతే కడుపొచ్చిందట!" అంది బురుల్చా.

రెండక్షరాల్లో ఏది వచ్చినా బయటికి పంపేలా మార్చడం ఐదు నిమిషాల పని. కానీ ముసలావిడ కుర్చీ వదల్లేదు. సాయంత్రానికి ఇంకో పద్నాలుగు తప్పులు పట్టి, ప్రతిదానికీ విడిగా తిట్టింది.

శుక్రవారం కుబాత్ పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకునే వచ్చాడు. పేజీలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఒక్క కంప్యూటరూ ఆరలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బ్రహ్మాండం!" అన్నారంతా, ఎప్పటిలాగే. నుర్జాత్ మాత్రం లేచి నిలబడింది. ముఖం కందిపోయింది.

"అక్కా... ఏడో పేజీలో ఉదాహరణ తప్పు. రెండుసార్లు కొట్టి చూశాను, పనిచెయ్యలేదు."

ప్రిన్సిపాల్ ఎదుటే! అయినా సయ్‌రాగుల్‌కి, ఎందుకో, ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

"ఏదీ, చూపించు" అంటూ వెళ్లి ఆ పిల్ల పక్కన కూలబడింది.

"పన్నెండో పేజీ కూడా అక్కా!" అని వెనక నుంచి ఇంకెవరో అరిచారు. నలుగురు లేచి వచ్చి చుట్టూ మూగారు.

కుబాత్ కాసేపు నిలబడ్డాడు. ఆయన్నెవరూ పట్టించుకోలేదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, "ఆ ఏడో పేజీ సోమవారానికల్లా దిద్దెయ్ సయ్‌రాగుల్. జిల్లా అంతటికీ పంపాలి" అన్నాడు.