జీపుకు ఒక పక్కే మెరుపు

మా వైపు కిరాయి జీపుల ముచ్చట ఎత్తితే ప్రతివాడికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ జీపుల తలుపు మీద ఏటవాలుగా సాగే తెల్లగీతను మొదట ఎవరు గీశారని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ నన్ను అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

ఎనభైల్లో నేను భద్రాచలంలో డ్రాయింగు మాస్టరుని. బడిలో జామపండు, కుండ, జెండా వేయడం నేర్పేవాణ్ని. ఇంటికొచ్చి ఎక్కడా లేని కార్లు వేసుకునేవాణ్ని. విజయవాడలో పాతపుస్తకాల బండి మీద దొరికిన ఒక విదేశీ కార్ల పత్రికే నాకు గురువు. మార్కర్లు, పాస్టెల్ రంగుసుద్ద ముక్కలు కూడా అక్కడినుంచే తెచ్చుకునేవాణ్ని. మార్కరు ఎండిపోతే స్పిరిట్ చుక్కలు పోసి బతికించేవాణ్ని. పాస్టెల్‌ను బ్లేడుతో గీకి, ఆ పొడిలో మొహానికి రాసుకునే పౌడరు కలిపి, దూదితో కాగితం మీద రుద్దితే రేకు మీద వెలుగు జారినట్టే ఉండేది. ఆ పౌడరు మా అక్కది.

"నీ కార్లు నాకన్న తెల్లగయితున్నయి గదరా" అని డబ్బా ఖాళీ అయినప్పుడల్లా తిట్టేది.

అక్క భర్త, అంటే మా బావ, అడవి పల్లెలకు జీపు నడిపేవాడు. ఆ ఏడు ఒక పాత జీపు కొని, ఖమ్మంలో దానికి కొత్త బాడీ కట్టించాలనుకున్నాడు.

"ఏంది బామ్మర్దీ, ఎవడు కొనని కార్లు గీసుడేనా? నా జీపు గియ్యి చూద్దాం" అన్నాడు.

ఎండాకాలం సెలవులన్నీ దానికే ధారపోశాను. ముదురు నీలం జీపు. ఎడమ పక్కకు నిలబడి చూస్తే కనిపించేటట్టు వేశాను. తలుపు పై సగంలో ఆకాశం, కింది సగంలో ఎర్రమట్టి దారి, నడుమ ఒక టేకు చెట్టు, అద్దంలో కనిపించినట్టు కనిపించాలని రుద్దాను. ఆఖర్న రబ్బరుతో ఏటవాలుగా ఒక గీత తుడిచాను. అది ఎండ మెరుపు. కొత్త రేకు ఎండలో నిలబడితే అలాగే ఉంటుంది.

"మంచిగనే ఉంది" అన్నాడు బావ. అంతే. అంత పనికి ఆ ఒక్క మాట. నేను మర్చిపోలేదు.

బొమ్మ పట్టుకుని ఆయన ఖమ్మం వెళ్లాడు. నేనూ వెళ్లి పెయింటరుకు దగ్గరుండి చెప్పాలి. ఈలోపు గోదావరి రోడ్డెక్కింది, బస్సులు ఆపేశారు. నీళ్లు తగ్గి నేను ఖమ్మంలో బాడీ కట్టే షెడ్డుకు చేరేసరికి రంగు కూడా ఆరిపోయింది.

తలుపు పై సగం లేత నీలం. కింది సగం ఎర్రమన్ను. నడుమ టేకు చెట్టు, ఆకులతో సహా. వాటన్నిటి మీదుగా అరచెయ్యంత వెడల్పున తెల్లగీత.

"అది రంగు కాదయ్యా, మెరుపు! ఎండ పడితే దానంతట అదే వస్తది!" అన్నాను పెయింటరుతో.

"ఎండ దినాం ఉంటదా సారూ? నేనేసింది వానల గూడ ఉంటది."

కుడి పక్కకు వెళ్లి చూశాను. ఉత్త నీలం.

"మరి గీ పక్క?"

"బొమ్మల గా పక్క యాడుంది? ఉన్నది ఉన్నట్టు ఏసిన."

"ఊకో బామ్మర్దీ, ఎక్కేటోళ్లు ఎడమ దిక్కు నుంచే గద ఎక్కేది" అన్నాడు బావ.

జీపుకు భద్రాచలంలో పూజ చేయించారు. బావ పెయింటరుకు శాలువా కప్పి, "డిజైను మొత్తం ఈయనదే" అని అందరికీ చెప్పాడు. నేనప్పుడు జీపు వెనక సీట్లో, కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దిగుదామంటే సంచి ఎవరూ అందుకోలేదు.

సంతకు పోయేవాళ్లు వచ్చిన జీపును వదిలేసి మరీ చెట్టు జీపు కోసం ఆగేవారు. ఏడాది తిరగకుండానే ఆ దారిలో తిరిగే జీపులన్నీ తెల్లగీత పెట్టుకున్నాయి. చెట్టు మధ్యలోనే రాలిపోయింది గాని గీత నిలిచింది. నేను రోడ్డు పక్కన నిలబడి ప్రతి జీపునూ రెండు వైపులా చూసేవాణ్ని. అన్నిటికీ ఎడమ పక్కే!

మొన్న అక్క ఇంట్లో చుట్టాలందరి ముందూ ఆ గీత ఎవరిదో చెప్పమని బావను నిలదీశాను.

"ఇంక మర్వలేదా? అందరం కలిసి చేసినం తియ్యి" అన్నాడు. అక్క చాయ్ తెచ్చి మాట మార్చింది.

అందరం ఎక్కడ కలిశాం బావా? నా బొమ్మ చెడగొట్టారని నాకు కోపమే. చెడిపోయిన బొమ్మకు శాలువా వేరేవాళ్లకు కప్పారని ఇంకా కోపం. డిజైను పెయింటరుదే అయితే, సొంతంగా ఆలోచించినవాడు ఒక పక్క వేసి రెండో పక్క ఎందుకు వదిలేస్తాడు? కాగితం మీద నేను వెయ్యనిది ఆయన జీపు మీదా వెయ్యలేదు. ఇన్ని జీపుల కుడి పక్కలు ఖాళీగా తిరిగి నాకు సాక్ష్యం చెప్పాయి. చెప్పనిది నువ్వొక్కడివే. ఈ ఆదివారం మళ్లీ వస్తున్నాను. శాలువా వద్దు, చాయ్ అసలే వద్దు. ఆ గీత నాదా, కాదా? అదే చుట్టాల ముందు అవ్ అను, లేదా కాదను. ఏదో ఒకటి అనేదాకా నీ గడప దిగను.