సత్తిబాబు గారి గడ్డం మీద గాటు

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. సత్తిబాబు గారు పోయారని.

"ఏ సత్తిబాబు?" అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

కొత్తపేటలో ఫొటో స్టూడియో నడిపిన మనిషి. ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడింది. ఆ ఫోన్లతోనే మనుషుల్ని ఎలా తీయాలో మాకందరికీ ఊరికే నేర్పారు.

ముందు లెన్సు తుడవమనేవారు. ఎండలో వద్దు, గుమ్మం దగ్గర నీడలో, మొహం వెలుతురు వైపు ఉండాలి. మరీ దగ్గరకి వెళ్తే ముక్కు పెద్దదవుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేయమనేవారు.

మచ్చలు చెరిపేసి మొహాన్ని తెల్లగా చేసే బ్యూటీ మోడ్ అంటే మాత్రం ఆయనకి పడేది కాదు.

ఒకసారి మస్కట్ పనికి వెళ్తున్న ఒకావిడ, పిల్లాడి దగ్గర ఉంచడానికి ఫొటో తీయమని వచ్చింది.

"కాస్త తెల్లగా వచ్చేలా తీయండి బాబూ."

"ఆయ్, తీస్తానండి. మరి మీవోడు ఈవిడెవరని అడిగితే ఏం చెప్పమంటారు?"

ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వే తీశారు.

పోయిన నెల ఆయన్ని నేను తీశాను.

"బ్యూటీ ఆపేసేరా బావగారూ?"

"ఆపేనండి."

ఆపలేదు. అది ఎక్కడుందో నాకు తెలియదు. అడగడానికి నామోషీ. ఫొటో చూపించమంటే ఛార్జింగ్ అయిపోతోంది, రేపు పంపుతానన్నాను. పంపలేదు.

నిన్న ఫ్లెక్సీకి ఫొటో కావాలన్నారు. అదే పంపాను. సాయంత్రానికి సెంటర్లో కట్టేశారు.

చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడితే గడ్డం మీద మిగిలిన గాటు లేదు. బుగ్గల మీద మచ్చలు లేవు. కింద ఫ్లెక్సీ వాళ్ళు తగిలించిన కోటు ఒకటి. ఆయన జన్మలో కోటు వేయలేదు.

వాట్సాప్ గ్రూపులో 'ఎంత బాగున్నారో' అని కామెంట్లు. ఆయన్ని ఎరిగినవాళ్ళే.

ఆయన భార్య మంగ గారు ఒక్క మాటే అన్నారు.

"అది గోడకి పెట్టకండన్నయ్య గారూ. రోజూ చూడాల్సింది నేను కదా."

తిట్టినా బాగుండేది.

పెళ్ళి ఫొటో తర్వాత ఇంట్లో ఆయనది ఆధార్ కార్డు ఫొటో ఒక్కటే దొరికింది. దాన్నే పెద్దది చేయించాం. మసకగా ఉంది. గాటు మాత్రం ఉంది.

నేను తీసిన ఫొటో స్టేటస్ పెట్టుకున్నవాళ్ళు దయచేసి తీసేయండి. తప్పు ఫ్లెక్సీ వాళ్ళది కాదు. నాది.

సత్తిబాబు గారూ, ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను.

మీరైనా మనశ్శాంతిగా ఉండండి.