దీపాల వేళ అడిగిన పది ప్రశ్నలు

నెలకోసారి బడి దగ్గరికి మనసు డాక్టరమ్మ వస్తే చంకలో బిడ్డలతో వరస కడతారు. నేను ముందంటే నేను ముందని కొట్లాడతారు. ఆమెను ఈ పల్లెకు రప్పించిందెవరని ఒక్కరైనా అడిగారా? సినిమావాళ్ల పెళ్లిళ్లూ విడాకులూ తేదీలతో సహా చెబుతారు గానీ, వరలక్ష్మి ఎవరంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ఫోన్లు పక్కన పెట్టి వినండి.

వరలక్ష్మిది ఆళ్లగడ్డ. పదో తరగతి లెక్కల్లో తప్పింది. లారీ తోలే మొగుడు పెళ్లయిన నాలుగో ఏడే పోయాడు. పిల్లల్లేరు. బస్టాండు వెనక ఒక్కటే గది. కుట్టుమిషనూ మంచమూ పొయ్యీ అన్నీ అందులోనే. అక్క చనిపోతే అక్క కూతురు హిమజను ఆ గదిలోనే పెంచి పెద్దచేసి, శిరివెళ్ల దగ్గరి ఈ పల్లెకే ఇచ్చింది. ఎవరితోనైనా ఇట్టే మాట కలుపుతుందని ఏ సర్వే వచ్చినా ఆమెనే పిలిచేవారు.

బాలింతల పనీ అట్లాగే వచ్చింది. నంద్యాల కాలేజీలో మనసు గురించి పాఠం చెప్పే సుధీర్ సార్ ఒక పరిశోధన మొదలుపెట్టాడు. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు తల్లి మనసు ఎట్లా ఉందో తెలుసుకోవడానికి పది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె. మొత్తం పన్నెండు దాటిందంటే ఆ తల్లికి సాయం కావాలని గుర్తు. అట్లాంటి తల్లులు ఎక్కువున్న పల్లెకు డాక్టరమ్మ వస్తుంది. తక్కువుంటే రాదు.

“పొద్దున కూలికి పోతారు కాబట్టి సాయంత్రం ఆరూ ఏడు మధ్య పోండి. అందరినీ ఒకే వేళ, ఒకే మాటతో అడగాలి,” అన్నాడు సార్.

వరలక్ష్మి అట్లాగే పోయింది. మూడు వారాల్లో ఈ పల్లెలో నలభై ఇళ్లు. ఏడుపొస్తోందా అంటే “లేదక్కా”. దేనిమీదా మనసు పోవడం లేదా అంటే “అట్లేం లేదక్కా”. కాగితాల నిండా సున్నాలే. పన్నెండు దాటినవాళ్లు ఇద్దరే. ఈ ఊరి తల్లులు ఎంత హాయిగా ఉన్నారో అనుకుంది పిచ్చిది.

నలభయ్యో ఇల్లు హిమజది. నాలుగు నెలల బిడ్డ. అత్త రంగనాయకమ్మ అప్పుడే దేవుడి గూట్లో దీపం పెట్టి పక్కన కూర్చుంది. హిమజ పదింటికీ లేదు, లేదు అనే చెప్పింది. కానీ వరలక్ష్మి కళ్లు కాగితం మీద లేవు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే ఆ పిల్ల తల కూడా తిప్పలేదు. మధ్యాహ్నం పెట్టిన అన్నం కంచంలో ఎండిపోయి ఉంది.

వాకిలి దాటాక చెయ్యి పట్టుకుని అడిగింది. “నిజం చెప్పు, ఏమైందే నీకు?”

“దీపం ముందర అట్లాటియి అడుగుతావేం చిన్నమ్మా? దుఃఖం, ఏడుపు అని నోట్లోంచి వస్తే బిడ్డకు కీడు కాదా?”

దీపం పెట్టాక ఉప్పు అయిపోయిందని కూడా అనరు, నిండుకుంది అంటారు. తానూ పుట్టినప్పటి నుంచి అట్లా బతికిందే. అయినా నలభై ఇళ్లలో నలభై దీపాల ముందు కూర్చుని ఏడుస్తున్నావా అని అడిగింది.

“మరి ఇప్పుడు చెప్పు,” అంది.

“బిడ్డ ఏడుస్తాంటే పక్కింట్లో ఎవరి బిడ్డో ఏడుస్తాన్నట్లుంటాది చిన్నమ్మా. బాయికాడికి నీళ్లకు పోవాలంటే భయమేస్తాంది. బాయిని చూసి కాదు, నన్ను చూసి.”

వరలక్ష్మి లోపలికి పోయి రంగనాయకమ్మను బతిమాలింది. “వదినా, నంద్యాలకు తీస్కపోయి చూపిస్తా. రెండు దినాల్లో తెచ్చి దిగబెడ్తా.”

“పిచ్చాసుపత్రికా? రేపు నా మనవరాలికి సంబంధాలు యాడొస్తాయి? ఊర్లోకి డాక్టరొచ్చి అందరినీ చూస్తే అప్పుడు చూద్దాంలే. మా కోడలొక్కదాన్నే తీస్కపోయేది లేదు.”

ఇక మిగిలింది ఒక్కటే దారి. డాక్టరమ్మ ఈ ఊరికే రావాలి. కాగితాలేమో వద్దంటున్నాయి. మర్నాడు తెల్లారి బస్సుకే వరలక్ష్మి నంద్యాల పోయింది.

సుధీర్ సార్ అంతా విన్నాడు. “మీరు చూసింది అబద్ధం అనను. కానీ ఆమెను పెంచింది మీరు. దిగులు పెట్టుకునే పోయారు, దిగులే కనిపించింది. వేరేవాళ్లు పోతే అదే కనబడుతుందా?”

“నాకు కడుపులో తెలుస్తాంది సార్.”

“మీ కడుపును కాగితం మీద ఎక్కించలేనమ్మా.”

“మరి ఆ సున్నాలెట్ల ఎక్కిచ్చినారు? అవి దీపం భయానికి పుట్టిన సున్నాలు సార్.”

ఆయన కాగితాలు ముందుకు లాక్కున్నాడు. ఆరుంబావు, ఆరున్నర, ఏడుకు పది. “వేళ రాసే గడి పెట్టింది నేనే. ఒక్కసారి కూడా చూడలేదు,” అన్నాడు మెల్లగా.

“మళ్లీ అడుగుతా. మిట్టమధ్యాన్నం. అత్తలు నిద్రపోతారు, మగోళ్లు చెట్లకింద ఉంటారు, దీపముండదు.”

“అయితే నలభై మందినీ అడగాలి. సగం మధ్యాహ్నం, సగం సాయంత్రం అంటే పోలిక చెడిపోతుంది. అవే పది మాటలు. అయ్యో అనకూడదు, తల ఊపకూడదు. హిమజను మాత్రం మీరు అడగొద్దు, వేరేవాళ్లు అడగాలి. ఏం చెప్పాలో ఆమెకు ముందే చెప్పి పెట్టకూడదు కూడా. కాగితాలు సర్కారుకు పంపడానికి అయిదు రోజులే గడువుంది.”

“అయిదు దినాలు శానా సార్,” అంది. కళ్లు మాత్రం గోడమీది క్యాలెండరులో మే నెల మీద ఉన్నాయి.

మే నెలలో మన నంద్యాల ఎండ గురించి మీకు నేను చెప్పాలా? రోజుకు ఎనిమిది ఇళ్లు. పన్నెండు నుంచి మూడు దాకా కొంగు నెత్తిమీద వేసుకుని తిరిగింది. రెండో రోజు రాములమ్మ తలుపు తీసి విరగబడి నవ్వింది. “ఈ ఎండలో ప్రశ్నలు అడిగేదానికి వచ్చినావా? ముందు నీకే డాక్టరు కావాల మే!” ఆ నవ్విన మనిషే మూడో ప్రశ్న దగ్గర నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. వరలక్ష్మి అయ్యో అనలేదు. చెయ్యి పట్టుకోలేదు. అంకె వేసుకుని నాలుగో ప్రశ్న చదివింది. బయటికొచ్చి గోడకు ఆనుకుని తనూ ఏడ్చింది.

ఓదారుస్తూ అడిగితే ఆ జవాబు తనది అయిపోతుందట. ఓదార్చకపోతే తను మనిషే కాదనిపించింది. రెంటి మధ్యా నలిగిపోయింది ఆ అయిదు రోజులూ. రోజూ హిమజ గుమ్మం ముందునుంచి తల తిప్పకుండా నడిచిపోయింది. ఈ రాత్రి ఆ పిల్ల బావికాడికి పోతే? ఆ భయంతో నిద్ర లేదు, తిండి లేదు. నాలుగో రోజుకే కాళ్లు తేలిపోతున్నా ఎవరికీ చెప్పలేదు.

అయిదో రోజు రెండున్నరకు ముప్పైతొమ్మిది అయ్యాయి. హిమజను అడగడానికి అంగన్‌వాడీ మంజుల ఒప్పుకుంది. వరలక్ష్మి కాగితం ఆమె చేతికిచ్చి, లోపలికి మాట వినపడనంత దూరంలో ఎదురు గోడకాడ కూర్చుంది. అక్కడ నీడ లేదు. నీడున్న చోట కూర్చుంటే కిటికీలోంచి హిమజకు కనబడుతుంది. చిన్నమ్మ ముఖం చూసి ఆ పిల్ల జవాబు మారిందంటే మొత్తం నలభై చెడిపోతాయి.

లోపల పది ప్రశ్నలకు అరగంట పట్టింది. మంజుల కాగితం మడుచుకుంటూ బయటికొచ్చింది. “అక్కా, చెప్పిందక్కా! పంతొమ్మిది! అక్కా?”

వరలక్ష్మి పక్కకు ఒరిగి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. నంద్యాల ఆసుపత్రిలో రెండు రోజులుంది. తెలివి రాలేదు. మంజుల చెవిలో ఆ అంకె చెబుతూనే ఉంది. విన్నదో లేదో ఎవరికీ తెలియదు.

దీపాల వేళ ఇద్దరు, మధ్యాహ్నం పదిహేడుగురు. సార్ రెండు కట్టలూ పంపాడు. అడిగే వేళను బట్టి జవాబు మారుతుందని రాశాడట. అందులో వరలక్ష్మి పేరు లేదు, ‘ప్రశ్నలడిగినవారు’ అని ఉంది. మరుసటి నెల డాక్టరమ్మ వచ్చింది. వరసలో మొదట నిలబడింది రంగనాయకమ్మ, ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో కోడలు.

పోయేనాటికి వరలక్ష్మికి నలభై ఒక్క ఏళ్లు.