సీటు మీద తడి గుడ్డ

మార్చి మొదట్లో నా ఫోనుకి ఒక సందేశం వచ్చింది. విమానాల వాళ్ళు నాకిచ్చిన గోల్డ్ కార్డు నెలాఖరుకి ముగిసిపోతుందట. ఈలోగా ఇంకో నాలుగు ప్రయాణాలు చేస్తే నిలుస్తుందట, లేకపోతే ఒక మెట్టు కిందికి దించుతారట. మీవంటి విలువైన ప్రయాణికులు మాకు ఎంతో ముఖ్యం అని చివర ఒక వాక్యం. నాలుగు ప్రయాణాలు తగ్గితే పడిపోయేది ఏం విలువ అని నవ్వుకున్నాను. కానీ ఆ రోజంతా మనసు కుదురుగా లేదు.

నా ఉద్యోగం రొయ్యల, చేపల ఫ్యాక్టరీలు తనిఖీ చేయడం. ఐసు ఏ నీళ్ళతో చేస్తున్నారు, సరుకు ఎంత చల్లగా ఉంది, రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ చేతులకి తొడుగులున్నాయా లేదా, ఇవీ నేను చూసేవి. పదేళ్ళుగా గన్నవరంలో విమానం ఎక్కడం, చెన్నైలోనో కొచ్చిలోనో భువనేశ్వర్‌లోనో దిగడం, మళ్ళీ బందరు ఇంటికి చేరడం. అలా తిరిగి తిరిగి సంపాదించిన కార్డు అది. ఈ ఏడాది తిరుగుడు తగ్గించి కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పుతున్నాను. ఆ కార్డు వల్ల ఇప్పటికీ ఉపయోగం ఉందాండీ అని వాళ్ళు అడుగుతుంటారు.

పరీక్షించకుండా దేన్నీ ఒప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. దీన్నీ పరీక్షించాను. మన పెట్టెకి ఒక ప్రత్యేకమైన చీటీ కడతారు, దిగగానే ముందు మన పెట్టే వస్తుందని. బెల్టు దగ్గర నిలబడి చాలాసార్లు చూశాను. ఒకసారి ముందు వస్తుంది, ఒకసారి అన్నిటికన్నా చివర వస్తుంది. బెల్టుకి బంగారమూ ఇత్తడీ తేడా తెలియదు. మొదట్లో ముందు వరుసల్లో ఖాళీ ఉంటే మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టేవారు. ఇప్పుడు ఆఖరి నిమిషం దాకా ఆ సీట్లని అమ్ముకుంటూనే ఉంటారు. లాంజ్ అని ఒక గది ఉంటుంది. ఒకప్పుడు అక్కడ మెత్తటి కుర్చీలు, మంచి కాఫీ, నిశ్శబ్దం. ఇప్పుడు బ్యాంకు కార్డు చేతిలో ఉన్న ప్రతివాళ్ళకీ అందులో ప్రవేశం. ఇడ్లీ పళ్ళెం పట్టుకుని కూర్చునే చోటు కోసం వెతుక్కోవాలి.

కాబట్టి నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఉపయోగం కొంచెం, గర్వం బోలెడు. గుళ్ళలో డబ్బున్నవాళ్ళకి వేరే క్యూ ఎందుకని పదిహేనేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నదాన్ని నేను. దేవుడే ఉంటే ఆయనకి ఈ తేడా సిగ్గుగా ఉండదా అని సభల్లో అడిగినదాన్ని. అదే నేను, "గోల్డ్ సభ్యులు ముందు రావాలి" అని మైకులో వినగానే లేచి, మిగతావాళ్ళ మధ్య నుంచి నడుస్తుంటే, మెడ కొంచెం నిటారుగా అయ్యేది. ఆ మెడ సంగతి ఏ వ్యాసంలోనూ రాయలేదు.

సందేశం చూసి మనసు కుదుటపడకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ కార్డు ఉండగా నిలబెట్టుకుందామనుకున్న మాట ఒకటి మిగిలిపోయింది.

ముప్పై ఏళ్ళ కిందట నా మొదటి ఉద్యోగం గుడివాడలో, ఒక ప్రైవేటు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో. రోజూ పొద్దున బందరులో బస్సెక్కేదాన్ని. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే జనం దానితో పాటు పరిగెత్తేవారు. కిటికీల్లోంచి తువ్వాళ్ళు, జేబురుమాళ్ళు, గొడుగులు లోపలికి పడేవి. సీటు మీద ఎవరి గుడ్డ పడితే సీటు వాళ్ళది. నాకు పరుగూ రాదు, గురీ లేదు. మొదటి పది రోజులు పెడన, గుడ్లవల్లేరు దాటి గుడివాడ దాకా నిలబడే వెళ్ళాను.

అదే బస్సులో ఒక అత్త చేపల గంపతో గుడివాడ మార్కెట్టుకి వచ్చేది. మాకు చుట్టరికం ఏమీ లేదు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె ఆవిడది. భర్త పడవ మీద వేటకి వెళ్తే, తెచ్చిన చేపలు ఆవిడ అమ్మేది. గంప టాపు మీదకి ఎక్కించి, ఆవిడ వెనక వరుసలో కూర్చునేది. గంప మీద కప్పే తడి గుడ్డ మాత్రం చేతిలో ఉండేది. పదకొండో రోజున బస్సెక్కేసరికి ఆ గుడ్డ ఆవిడ పక్క సీటు మీద పరిచి ఉంది. బస్సు కిక్కిరిసి ఉంది, ఆ ఒక్క సీటూ ఖాళీ.

"రామ్మా మేష్టారి కూతురా," అంది. "రోజూ నిలబడి ఊగుతున్నావు, చూడలేకపోతన్నా."

గుడ్డ తీసి, సీటు కొంగుతో తుడిచి కూర్చోబెట్టింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నా చీర చేపల వాసన. అమ్మ ముక్కు మూసుకుంది. నాన్న హైస్కూల్లో లెక్కల మాష్టారు. విషయం విని, రేపూ అక్కడే కూర్చో అన్నాడు.

మూడేళ్ళు అక్కడే కూర్చున్నాను. చేప కన్ను ఉబ్బి మెరుస్తుంటే తాజాది, లోపలికి పోతే పాతది అని అత్త నేర్పింది. మొప్ప ఎత్తి చూడాలి, వేలితో నొక్కితే పడిన గుంట పూడాలి. నా తర్వాతి ఉద్యోగానికి కావలసిన చదువు ఆ సీటులోనే మొదలైంది. ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళు థర్మామీటరు వెతుక్కునేలోపు నేను మొప్ప ఎత్తి చూసేదాన్ని.

నాన్నా ఆయన స్నేహితులూ ఆదివారాలు బందరులో ఒక పుస్తకాల గదిలో చర్చలు పెట్టేవారు. దయ్యాలున్నాయా, ముహూర్తాలు అవసరమా, ఇలాంటివి. ఒక ఆదివారం సరదాగా పెట్టిన విషయం: బస్సు సీటు మీద తువ్వాలు వేయడం న్యాయమా? న్యాయం కాదన్న పక్షాన నేను మాట్లాడాను. నిలబడిన మనిషి కన్నా పడుకున్న గుడ్డకి ఎక్కువ హక్కు ఎలా వచ్చిందని అడిగాను. ముందు వచ్చినవాడిది కావలసిన సీటు బలంగా విసిరినవాడిది అవుతోందన్నాను. చప్పట్లు మోగాయి. గెలిచాను. నేను రోజూ ఎవరి గుడ్డ మీద కూర్చుని గుడివాడ వెళ్తున్నానో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

పైగా సోమవారం పొద్దున అత్తకి గొప్పగా చెప్పాను. ఆవిడ అంతా శ్రద్ధగా వింది. మంగళవారం బస్సెక్కితే ఆవిడ పక్క సీటులో ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. తడి గుడ్డ అత్త ఒళ్ళో ఉంది. బుధవారమూ అంతే. గురువారం గుడ్లవల్లేరు దగ్గర నిలబడలేక అడిగేశాను, నా మీద కోపం వచ్చిందా అని.

"కోపమెందుకు? నువ్వే గెలిచావుగా," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను వాదించింది విసిరిన తువ్వాళ్ళ గురించని, ఆవిడ గుడ్డ గురించి కాదని నసిగాను. అత్త గొంతు తగ్గించింది.

"వాళ్ళ తువ్వాళ్ళు తీసి పక్కన పడేసి కూర్చుంటారమ్మాయ్. రోజూ గొడవలే, చూడట్లా? నా గుడ్డ ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో అది వాదించావా, ఆ గదిలో?"

ఆ గదిలో ఉన్నవాళ్ళం అందరం కులం పోవాలన్నవాళ్ళమే. వాదనలు నేర్చుకున్నాం, ఓడించడం నేర్చుకున్నాం. మా పక్కనే ఒక తడి గుడ్డని చూసి బస్సంతా ఒంటికాలి మీద నిలబడినా సరే దూరం జరుగుతోందని ఒక్కరం గమనించలేదు. ఆ అసహ్యాన్ని ఆవిడ ఎప్పుడో గమనించింది. గమనించి, దాన్ని నాకు సీటుగా పరిచింది. ఆ మాట నాన్నతో చెప్పాను. తర్వాతి ఆదివారం చర్చ దాని మీదే జరిగింది. నా వాదన తప్పని నేనే ఒప్పుకుని ఓడిన పక్షాన కూర్చున్నాను.

శుక్రవారం మళ్ళీ సీటు మీద గుడ్డ ఉంది.

ఆ రోజుల్లోనే ఒకసారి బస్సు పెడన దగ్గర ఆగి ఉండగా పైన విమానం చప్పుడు వినిపించింది. కిటికీలోంచి మెడ బయటపెట్టి చూసి, "ఇమానంలో కూడా సీటుకి గుడ్డెయ్యాలా అమ్మాయ్?" అని అడిగింది అత్త. వేయాల్సి వస్తే నీకు నేను వేస్తాలే అన్నాను. "నువ్వా? నీ గురికి గుడ్డ రెక్క మీద పడుద్ది," అంది. మాట ఇచ్చావు, మర్చిపోకు అని కూడా అంది, గుడివాడలో గంప దించుకుంటూ.

నేను మర్చిపోయాను. పదేళ్ళు విమానాల్లో తిరుగుతూ మర్చిపోయాను. అత్త ఇప్పుడు అవనిగడ్డలో కూతురి దగ్గర ఉంటోంది. రెండు మోకాళ్ళూ అరిగాయి. పోయిన ఏడాది చూడటానికి వెళ్తే ఆవిడే గుర్తు చేసింది, "నా గుడ్డ ఏదమ్మాయ్?" అని. ఈసారి గోల్డ్ కార్డు మీద తీసుకెళ్తాను, లాంజ్‌లో కూర్చోబెట్టి కాఫీ ఇప్పిస్తాను, ముందు వరుసలో కూర్చోబెడతాను అని గట్టిగా చెప్పి వచ్చాను. ఆ చెప్పడంలో నా మెడ మళ్ళీ నిటారుగా ఉండే ఉంటుంది.

అందుకే సందేశం రాగానే కంగారుపడ్డాను. మునిమనవణ్ణి చూడటానికి అత్త మనవడి కారులో హైదరాబాదు వెళ్ళింది. నేను అక్కడికి వస్తాను, తిరుగు ప్రయాణం నాతో విమానంలో అని ఒప్పించాను. మార్చి చివరి వారంలో గన్నవరం వచ్చే ఒక మధ్యాహ్నం విమానానికి ఇద్దరికీ టికెట్లు తీశాను.

తీసేటప్పుడే తెలిసింది, ముందు వరుస సీటు కార్డు ఉన్న మనిషికే ఉచితమని, తోడు వచ్చేవాళ్ళకి కాదని. కొందామంటే ఆ వరుసలో ఒక్కటే మిగిలి ఉంది. ముందు సీటు వదిలేసి పందొమ్మిదో వరుసలో రెండు తీసుకున్నాను. లాంజ్ ఉందిగా అనుకున్నాను.

విమానాశ్రయానికి చేరేసరికి విమానం రెండు గంటలు ఆలస్యమన్నారు. మంచిదే, లాంజ్‌లో కూర్చుంటాం అన్నాను అత్తతో. తలుపు దగ్గర పొడుగాటి క్యూ. మా వంతు వచ్చాక అక్కడున్న అమ్మాయి కార్డు గీకి, నియమాలు మారాయండీ, మీ కార్డు మీద తోడు మనిషికి ప్రవేశం లేదు అంది. డబ్బు కడతానన్నాను. లోపల ఖాళీ లేదు, మీరొక్కరైతే రావచ్చు అంది. నేను మొదలుపెట్టాను. నియమం మార్చినప్పుడు నాకు ఎందుకు తెలియజేయలేదు, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి బయట ఉండి నేను లోపల కూర్చోవడం ఏ రకమైన మర్యాద, నాలుగు రోజుల్లో పోయే కార్డుకి ఇంత పట్టుదల ఎందుకు. వాదన మంచిదే. ఆ అమ్మాయి చేతిలో మాత్రం ఏమీ లేదు. మధ్యలో అత్త నా భుజం తట్టి, నువ్వు వాదించుకుంటూ ఉండమ్మాయ్, నేను ఎక్కడన్నా కూలబడతాను అని వెళ్ళిపోయింది.

ఇంకాసేపటికి నేను ఓడిపోయి గేటు దగ్గరికి వెళ్ళాను. ఆలస్యమైన రెండు విమానాల జనం అక్కడే ఉన్నారు. కుర్చీలన్నీ నిండి, కుర్రవాళ్ళు గోడవారన నేల మీద కూర్చున్నారు. ఆ గుంపులో నాకు అత్త కంటే ముందు గుడ్డ కనిపించింది. అంచున ఎర్రగీత ఉన్న తెల్ల తువ్వాలు, ఆవిడ పక్క కుర్చీ మీద పరిచి ఉంది. పొడి తువ్వాలు. ఇస్త్రీ మడతలు కూడా పోలేదు. వాసన లేదు. ఎవరైనా తీసి పక్కన పెట్టి కూర్చోవచ్చు. లాప్‌టాప్ పట్టుకున్న ఒకతను పక్కనే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "వచ్చేశారాండీ? ఇద్దరు ముగ్గురు అడిగారు, మామ్మగారి అమ్మాయి వస్తుందని చెప్పాను," అన్నాడు.

కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. అత్త చూడనట్టే, తీసిన తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

మైకులో గోల్డ్ సభ్యుల్ని పిలిచారు. నేను కదల్లేదు. అందరితో పాటే వెళ్దాం అన్నాను. అత్త నవ్వింది. గుళ్ళో వేరే క్యూ తప్పని రాస్తావంటగా, నా మనవరాలు చదివి వినిపించింది, మరి మైకులో నిన్నేగా పిలుస్తోంది అంది. తనైతే మోపిదేవి గుళ్ళో అందరి వెనకాలే నిలబడుతుందట, ఇక్కడా అలాగే వస్తుందట, బండి తనని వదిలి ఎక్కడికీ పోదట.

అప్పుడు తట్టింది నాకు. అత్త ఒళ్ళో ఉన్న తువ్వాలు తీసుకున్నాను. కాస్త చెయ్యి పట్టుకుని తీసుకురమ్మని లాప్‌టాప్ అతనికి చెప్పి, ఆఖరిసారి ఆ కార్డు చూపించి అందరికంటే ముందు లోపలికి వెళ్ళాను. గబగబా పందొమ్మిదో వరుస దాకా నడిచి, కిటికీ సీటు మీద తువ్వాలు పరిచాను. అంచులు సరిచేశాను. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, ఇక్కడ సీట్లకి నంబర్లు ఉంటాయండీ, ఎవరూ తీసుకోరు అని మర్యాదగా చెప్పింది. తెలుసమ్మా, మా అత్త వస్తోంది అన్నాను.

అత్త చాలాసేపటికి వచ్చింది, సీటు సీటూ పట్టుకుంటూ. వరుస దగ్గర ఆగి తువ్వాలు వైపు చూసింది. తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. అద్దంలోంచి రెక్కని పరీక్షగా చూసింది.

"పర్లేదు, రెక్క మీద పడలా," అంది. "పొడి గుడ్డ కదా, ఎవరన్నా తీసేసి కూర్చుంటారేమోనని కంగారుగా వచ్చాను."