మంచుయుగం మీద ఉప్పు సోడా

పీజీ పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో, అబద్ధమంటే కాస్త ముందుగా చెప్పిన నిజమేనని నాకో గట్టి నమ్మకం ఉండేది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్ గారు "పర్యావరణం చెప్పేవాళ్లు కావాలి, వచ్చే వారం ఒక డెమో క్లాసు చెప్పమ్మా, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" రొంపిచెర్లలో బస్సు దిగేసరికి నా బుర్రలో "ఖాయం" అయిపోయింది. ఇంట్లోకి అడుగుపెడుతూనే "అమ్మా, ఉద్యోగం వచ్చేసింది" అనేశాను. (అప్పటికి మూడు ఇంటర్వ్యూల నుంచి ఉత్తచేతులతో వచ్చినదాన్ని. నాలుగోసారి అమ్మ మొహం చూసే ధైర్యం లేకపోయింది.) అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, దేవుడికి కొబ్బరికాయ కొట్టి, సాయంత్రానికల్లా వీధంతా లడ్డూలు పంచేసింది. ఎదురింటి పిన్ని అయితే "మా పిల్లకి నువ్వే సీటు ఇప్పించాలమ్మాయ్" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి చెమటలు పట్టాయి. ఇక డెమో పోయిందంటే మా వీధిలో తలెత్తుకు తిరగడం నా వల్ల కాదు.

నాకిచ్చిన పాఠం చిన్నదేమీ కాదు. మంచుయుగాల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయేది, అవి ముగిసేటప్పుడు మళ్లీ పెరిగేది. ఆ రాకపోకల్లో సముద్రం పాత్ర ఏమిటి? రోళ్లు పగిలే పల్నాడు ఎండలో పిల్లలకి మంచుయుగం ఎట్లా ఎక్కించాలా అని బుర్ర బద్దలుకొట్టుకుని, చివరికి సోడాను పట్టుకున్నాను. సోడాలో ఉన్నదీ ఆ వాయువే కదా! చల్లటి నీళ్లు దాన్ని పట్టి ఉంచుకుంటాయి, వెచ్చటి నీళ్లు వదిలేస్తాయి. ఒక గోలీసోడా ఐసులో, ఒకటి బయట పెట్టి, రెండూ కొట్టి చూపిస్తే చాలు. "కాలేజీకి పోతన్నావా, సోడాబండి పెడతన్నావా?" అని సణుగుతూనే అమ్మ రెండు సీసాలకీ తడిగుడ్డ చుట్టి సంచిలో సర్దింది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా సంచిని గుండెకి హత్తుకున్నాను. ఏది ముందు పేలుతుందో, సోడానో నా గుండెకాయో, తెలియకుండా ఉంది.

కాలేజీలో అటెండర్ బాబాయ్‌కి సంచి అప్పగించి, "ఒకటి ఐసు డబ్బాలో పెట్టు బాబాయ్, ఒకటి బయట ఉంచు" అని చెప్పి, నోట్సు బట్టీ పట్టడానికి పరుగెత్తాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. మా వైపు పెద్దమనుషులు గడప తొక్కారంటే ముందు వాళ్ల చేతికి చల్లగా ఏదో ఒకటి అందాలి, మాటలు ఆ తర్వాతే. ఆ సంగతి నాకు గుర్తులేదు, బాబాయ్‌కి బాగా గుర్తుంది. నేను క్లాసులోకి వెళ్లేసరికి ముందు వరసలో కరెస్పాండెంట్ గారు, పక్కన ఆయన పిలిపించిన రిటైర్డ్ ప్రొఫెసర్ గారు, ఇద్దరి చేతుల్లో గ్లాసులు. గ్లాసుల్లో నా సముద్రాలు!

"ఏంది బాబాయ్ ఈ పని?" అన్నాను గుమ్మంలోనే, ఏడుపు గొంతుతో.

"ఏందమ్మాయ్, పెద్దోళ్ల కోసమేగా తెచ్చింది? రెండూ ఐసులోనే పెట్టా. ఒకళ్లకి చల్లంగా, ఒకళ్లకి వేడిగా ఇస్తే ఏమన్నా బాగుంటదా?" అని ఆయనే నొచ్చుకున్నాడు.

గొంతు తడారిపోయింది, తాగుదామంటే సోడా వాళ్ల దగ్గరుంది. ఎలాగో మొదలుపెట్టి, కరెస్పాండెంట్ గారి గ్లాసు వైపు చెయ్యి చాపి, "చూడండి పిల్లలూ, చల్లటి నీళ్లు వాయువును వదలవు. మంచుయుగంలో సముద్రమూ ఇంతే" అన్నాను ఘనంగా. సరిగ్గా అప్పుడే బాబాయ్ గబగబా వచ్చి, "అయ్యో, ఉప్పేయడం మర్చిపోయా సార్" అని ఆ గ్లాసులో చెంచాడు ఉప్పు గుమ్మరించాడు. మంచుయుగం బుస్సున పొంగి కరెస్పాండెంట్ గారి తెల్లచొక్కా మీద పడింది. పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. నా ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

ప్రొఫెసర్ గారు మాత్రం నవ్వలేదు. "మీ బాబాయ్ మంచి సంగతే ఎత్తాడు. మంచుయుగంలో నీళ్లు కొంత నేల మీద మంచుగా పేరుకుపోయి, సముద్రం ఇంకాస్త ఉప్పనైంది. ఉప్పు పెరిగితే నీళ్లు వాయువును తక్కువే పడతాయి. మరి గాలిలోది అంత తగ్గిందెట్టాగమ్మా?" అన్నారు.

నోట్సులో ఆ పేజీ ఉంది గాని నా తలలో లేదు. భయంతో, బాబాయ్ బల్ల మీద వదిలేసిన ఖాళీ సోడాసీసాను గట్టిగా పట్టుకున్నాను. లోపల గోలీ గలగలమంది, నా నోరూ తెరుచుకుంది. "చల్లదనం ఒక్కటే చాలదండీ. అది చేసిన పనిలో కొంత ఉప్పు చెడగొట్టింది. కార్బన్‌లో చాలా భాగం సముద్రం అడుగుకి పోయింది. పైనీళ్లలో కంటికి కనపడని జీవులు దాన్ని ఒంట్లో కలుపుకుని, చచ్చి కిందికి దిగాయి. దక్షిణ ధ్రువం చుట్టూ సముద్రం మీద మంచు పరుచుకుని, అడుగునీళ్లు పైకి రావడం తగ్గి, సీసా మూతికి ఈ గోలీ అడ్డం పడ్డట్టయింది. మంచుయుగం ముగిసేటప్పుడు ఆ అడ్డం తొలగి, వాయువు గాలిలోకి వచ్చి, భూమి ఇంకా వేడెక్కింది" అన్నాను ఊపిరి తీసుకోకుండా. ఏది ఎంత వంతు అని ఆయన అడిగారు. "నాకు తెలియదండీ, పెద్దపెద్దవాళ్లే ఇంకా తేలుస్తున్నారు" అని, కళ్లనీళ్లు కనపడకుండా బోర్డు వైపు తిరిగిపోయాను. (గ్లాసులో ఆ పొంగు చాలావరకు ఉప్పు గింజల గరుకుదనం చేసిన పని అనీ, సముద్రానికి ఆ పోలిక సరిగ్గా అతకదనీ తర్వాత తెలిసింది. అదీ అడిగి ఉంటే అక్కడే కూలబడేదాన్ని.)

తర్వాత గంటసేపు వరండాలో నిలబెట్టారు. బాబాయ్ పక్కనే నిలబడి "నా వల్లేనా అమ్మాయ్?" అని పదిసార్లు అడిగాడు. కాదు కాదన్నాను. (అవును.) చివరికి కరెస్పాండెంట్ గారు తడిచొక్కా దులుపుకుంటూ వచ్చి, "సోమవారం నుంచి రామ్మా. మా పిల్లలు గంటసేపు నిద్రపోకుండా పాఠం వినడం ఇదే చూడటం" అన్నారు.

బస్టాండులో ఫోన్ తీసి, "అమ్మా! ఉద్యోగం వచ్చిందమ్మా!" అని అరిచాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు.

"పోయిన వారమే వచ్చిందిగా, ఎన్నిసార్లు చెబుతావే? వచ్చేటప్పుడు పచ్చిమిరపకాయలు తే" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

నిజమైన సంతోషమంతా గొంతులో పెట్టుకుని, పంచుకునే మనిషి లేక, మిరపకాయల బండి దగ్గర దిక్కులు చూస్తూ నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెళ్లి భుజం తట్టి "బాగా చెప్పావే" అనాలనీ అనిపిస్తుంది. అమ్మకి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.