చుక్క నూనె లేని నల్లేరు పచ్చడి

నా పేరు మీద ఒక ఫస్ట్ ప్రైజ్ సర్టిఫికెట్ ఉంది. అది మా వంటింట్లో, నూనె డబ్బా పైన వేలాడుతోంది. అక్కడే ఎందుకుందో చెప్తా, నవ్వకూడదు మరి.

మా నరసరావుపేట కాలేజీలో ఆకుకూరలతో ఆరోగ్య వంటల పోటీ పెట్టారు. మునగాకు గురించీ పొన్నగంటి గురించీ క్లాసులో రోజూ లెక్చర్లు దంచేది నేనే కాబట్టి, ప్రైజు నాదేనని ముందే చాటేసుకున్నా. వంటకం కూడా మామూలుది కాదు, నల్లేరు పచ్చడి. మా పొలం కంచె నిండా ఆ తీగే. ఎముకలకు మంచిదని మా నాయనమ్మ నమ్మకం. డెబ్బై దాటినా బస్సులో సీటు పట్టేది ఆమే, నిలబడేది నేను. ఇంక కాదనేదేముంది?

ఆమె ఒక్కటే చెప్పింది. "ఏమే, చేతులకు నూనె రాసుకుని తుంచు. ముక్కలు నూనెలో బాగా వేగాల."

ఆమెను ఏడిపించడమంటే నాకు చానా ఇష్టం. ఇప్పుడంతా జీరో ఆయిల్ కాలమనీ, నువ్వు నూనె మిల్లు ఓనరమ్మవనీ వెక్కిరించి, చార్టు మీద పెద్దక్షరాలతో రాశా: 'చుక్క నూనె లేని నల్లేరు పచ్చడి'. ఆమె చార్టు చూసి, "సరే, కానీ" అని లోపలికి పోయింది. గెలిచాననుకున్నా.

పోటీ రోజు పొద్దున్నే ముదురూ లేతా చూడకుండా తుంచి, ఉడకబెట్టి, చింతపండేసి రుబ్బా. ఆటో ఎక్కేసరికి అరచేతులు దురద. కాలేజీకి చేరేసరికి మోచేతుల దాకా పాకింది. ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చెయ్యి టేబుల్ అంచుకేసి రుద్దుకుంటూ ఎముకల బలం గురించి మాట్లాడుతున్నా. ముందు వరసలో కూర్చున్న నాయనమ్మ నా మొహం చూడట్లా, చేతులే చూస్తంది.

జడ్జి మేడం స్పూను అందుకున్నారు. ముందు నేనే తిని చూపిస్తానని స్టైలుగా ఒక ముద్ద మింగా. అంతే, గొంతులో ముళ్లు. మైకులో మాటకు బదులు గురక లాంటి చప్పుడొచ్చింది. మేడం స్పూను గాల్లోనే ఆగిపోయింది.

నాయనమ్మ నిదానంగా లేచొచ్చి, చేతిసంచిలోంచి ఒక సీసా తీసింది. ఎర్రగా వేగి, పైన నూనె తేలుతున్న నల్లేరు పచ్చడి.

"నూనె లేకుంటే ఏమవుద్దో పిల్ల చేసి చూపించిందమ్మా. తినాల్సింది ఇది."

మేడం తిన్నారు, మళ్లీ పెట్టించుకున్నారు. తప్పూ ఒప్పూ రెండూ చూపించిన స్టాలు ఇదొక్కటేనని మెచ్చుకుని ప్రైజు నాకే ఇచ్చారు. దురద నటన చానా సహజంగా ఉందట.

ఇంటికొచ్చాక నాయనమ్మ నా చేతులకు నూనె పట్టిస్తుంటే, ఆ సీసా ఎప్పుడు సర్దావని అడిగా.

"నువ్వు చార్టు రాసేటప్పుడే."

అదీ మా నాయనమ్మంటే! సర్టిఫికెట్ అక్కడ తగిలించింది కూడా ఆమే. రోజూ తాలింపు చిట్లి చిట్లి, ఇప్పుడు సరిగ్గా నా పేరు మీదే రెండు నూనె మరకలు.