జారిపడిందని రాసిన చెయ్యి

నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఏలూరులో పుట్టి పెరిగిన నేను కైకలూరు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఒక ఊరి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. సరస్సులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది అది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె భర్త అలాంటి చెరువు ఒకదానికి కాపలా ఉండేవాడు. చెరువుతో పాటు అతని పనీ పోయింది. కొన్నాళ్ళకి ఒక పొద్దున్న ఆమె కుడిచేతికి సిమెంటు కట్టుతో బడికి వచ్చింది.

"గరిటె పట్టుకోలేనండి. కట్టు విప్పేదాకా మా అక్క వండుతుందండి," అంది. ఏమైందని అడిగాను. "మా ఆయన రోకలుచ్చుకు కొట్టేడండి," అంది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా.

ఆ ఊళ్ళో మొగుడు పెళ్ళాన్ని కొడితే స్టేషన్‌కి వెళ్ళరు. పెద్దమనుషుల్లో పెడతారు. పెద్దమనుషులు ఇద్దరికీ నాలుగు మాటలు చెప్పి, ఒప్పుదల కాగితం రాయించి, చెరో సంతకం తీసుకుని, కాగితాన్ని బీరువాలో పెట్టుకుంటారు. దాంతో గొడవ తీరిపోయినట్టు. ఎవరికి తీరిందని అడిగేవాళ్ళు ఉండరు. అలాంటి కాగితాలు చక్కగా రాయడానికి పంతులమ్మగారైతే బాగుంటుందని నన్ను పిలిపించారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పిలిచినందుకు నాకు గొప్పగా అనిపించింది.

చేపల మేత అమ్మే కొట్టు ముందు కూర్చున్నారు అందరూ. ఆ కొట్టు యజమానే పెద్దమనిషి. మగవాళ్ళు తవుడు బస్తాల మీద కూర్చున్నారు. మొగుడు కూడా ఒక బస్తా మీద కూర్చున్నాడు. నాకు కుర్చీ వేసి, టీ ఇచ్చారు. చెయ్యి విరిగిన మనిషి మాత్రం మా మాటలు వినపడనంత దూరంలో, రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"రాయండమ్మా," అన్నారు పెద్దమనిషి. "ఇద్దరికీ చిన్న మనస్పర్థ వచ్చింది. ఆమె చెరువు గట్టు మీద కాలు జారిపడగా చెయ్యి విరిగింది. ఇకమీదట ఇద్దరూ సఖ్యంగా ఉంటారు. ఆమె ఎక్కడా ఫిర్యాదు చెయ్యదు."

"రోకలితో కొట్టాడు కదండీ?" అన్నాను, మెల్లగా.

"కొట్టేడని రాస్తే అతని పరువేం కావాలండి? కాపరం నిలబడాలా వద్దా? పాపం, పనిపోయిన మగాడు. మనసు బాగోక ఏదో చెయ్యి చేసుకున్నాడు."

గట్లు తెగిన ఏడాది ఆ ఊళ్ళో ఆడవాళ్ళకీ పనులు పోయాయి. వలలు బాగుచేసేవాళ్ళు, రొయ్యలు ఒలిచేవాళ్ళు, గట్ల మీద గడ్డి కోసేవాళ్ళు, అందరూ ఇళ్ళల్లో కూర్చున్నారు. వాళ్ళలో ఏ ఒక్కతీ మనసు బాగోలేదని మొగుడి చెయ్యి విరగ్గొట్టలేదు. ఈ మాట నాకు ఆ రోజే తోచింది. అయినా ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. చెప్పినట్టు కూడా కాదు, వాక్యాలు ఇంకాస్త నున్నగా చేసి రాశాను. పిలిస్తే వచ్చి ఆమె వేలిముద్ర వేసింది. "చాలా బాగా రాశారండీ," అన్నారు పెద్దమనిషి. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

కొన్ని నెలలకి, ఇంట్లో జరిగే హింస మీద కొత్త చట్టం వచ్చిందని పేపర్లో పడింది. ఆ వార్త కత్తిరించి బడి గోడకి అంటించింది కూడా నేనే. నా అంత అభ్యుదయం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు మరి.

తర్వాత ఒక సోమవారం ఆమె బడికి వంటకి రాలేదు. మధ్యాహ్నం వచ్చి నా తరగతి గుమ్మంలో నిలబడింది. పెదవి చిట్లి ఉంది. ముందు పళ్ళు రెండు లేవు. కూతుర్ని కొల్లేటికోటలో తన తల్లి దగ్గర దింపి వచ్చానంది.

"ఇంక ఆ ఇంటికి వెళ్ళనండి. మళ్ళీ వెళ్తే చంపేస్తాడండి. మీరు గోడకి అంటించిన చట్టం ఉంది కదండీ, దాని ప్రకారం కేసు పెట్టించండి."

స్టేషన్‌కి తోడు వెళ్ళాను. ఎస్సై ఆమె చెప్పిందంతా విన్నాడు. విని, సొరుగులోంచి ఒక జెరాక్సు కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఆమె కన్నా ముందే మొగుడు వచ్చి ఇచ్చి వెళ్ళాడట.

"ఈవిడకి జారిపడే అలవాటు ఉన్నట్టుందండి," అన్నాడు నవ్వుతూ. "ఇది మీ రాతే కదండీ మేడమ్?"

ఆమె నా వైపు తిరిగింది. "జారిపడ్డానని రాశారా అండీ? మా ఆయన కొట్టేడని, ఇంక కొట్టడని రాశారనుకున్నానండి."

ఆ రోజు బస్తాల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరూ ఆమెకి ఆ కాగితం చదివి వినిపించలేదు. అడుగడుగునా అండీ అండీ అనుకునే మా మర్యాదస్తులకి ఆ మాత్రం తోచలేదు. వాళ్ళని ఎందుకు అనాలి? చదవడం నా వృత్తి. రోజూ నలభై మంది పిల్లలకి గొంతెత్తి చదివి వినిపించేదాన్ని, ఆమెకి నాలుగు వాక్యాలు చదవలేదు. నా మీద నాకు పుట్టిన కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. చల్లారకూడదు కూడా.

"అది అబద్ధం. తెలిసే రాశాను. ఆ మాట ఇప్పుడు రాసిస్తాను," అన్నాను.

ఎస్సై నవ్వు ఆపాడు. "గవర్నమెంటు టీచరండీ మీరు. అబద్ధం రాశానని సంతకం పెడితే మీ ఉద్యోగానికే ఇబ్బంది. ఆలోచించుకోండి."

భయం వేసింది. వెయ్యలేదంటే అది ఇంకో అబద్ధం. అయినా కాగితం అడిగి తీసుకున్నాను. రోకలి, విరిగిన చెయ్యి, ఊడిన పళ్ళు, మేతకొట్టు ముందు నేను రాసిన అబద్ధం, అన్నీ రాసి కింద సంతకం చేశాను. ఆమె ఫిర్యాదు ఇంకో కాగితం మీద రాసి, వేలిముద్ర కోసం ఆమె ముందుకి జరిపాను.

ఆమె చెయ్యి కదపలేదు. "చదవండి," అంది.

చదివాను.

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను. అంతా విని, ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని గుమ్మం దగ్గరున్న కానిస్టేబులుకి ఇచ్చింది.

"మీరోసారి చదవండి బాబూ," అంది. "ఈవిడ చదివిందే అందులో ఉందో లేదో."

అతను నా ముఖం చూశాడు. తర్వాత కాగితం వెలుతురుకి పెట్టుకుని మొదటి అక్షరం నుంచీ చదివాడు. చివరి మాటదాకా విన్నాకే ఆమె వేలిముద్ర వేసింది.